మిస్సింగ్ కొట్టే బండి, అంకెలు వేసిన కాగితం

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ల సంఘం ఆదివారం ఉదయం పెట్టుకున్న సమావేశంలో, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారి ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి. లేత్ మిషన్లు తిరుగుతుంటే వాటి పక్కన నిలబడి పాఠం చెప్పినవాణ్ణి, ఈ హాలుకి నా గొంతు చాలు.

నన్ను ఇక్కడ నిలబెట్టింది ఒక కాగితం. మూడో అంతస్తులో ఉండే మా తమ్ముడులాంటాయన నెల కిందట అది పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన బండి పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లది, డెబ్భై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేదు, డాష్‌బోర్డు మీద చెక్ లైటు వెలిగింది. వర్క్‌షాప్‌లో ఇస్తే సాయంత్రానికి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. చదువుతాను వినండి. ఇగ్నిషన్ కాయిళ్లు నాలుగు, ఒక్కోటి 2,350, మొత్తం 9,400. ప్లగ్గులు నాలుగు, 2,480. ఇంజెక్టర్ క్లీనింగ్ 2,200. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 900. ఇంజిన్ ఫ్లష్ 650. స్కానింగ్ 800. లేబర్ 2,500. అంతా కలిపి 18,930.

"మాస్టారూ, ఇది కట్టమంటారా, మోసమంటారా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది, డాక్టరు దగ్గరికెళ్తే జాతకం చెప్పినట్టుంది ఆయనకి. (నవ్వులు) ఆ కాగితాన్ని కాసేపు ఇలా బల్ల మీద పెడదాం. ముందు ఇంజిన్‌లో నిప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలి. అది తెలియకుండా అంకెల్ని చూస్తే అన్నీ ఎక్కువగానే కనిపిస్తాయి.

డీజిల్ బండి వాళ్లు ఈ పావుగంట టీ తాగి రావచ్చు. మీ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. మీకుండేవి గ్లో ప్లగ్గులు, వాటి కథ వేరు. మీ బండికి ఎవరైనా "స్పార్క్ ప్లగ్ మార్చాం" అని బిల్లు వేస్తే మాత్రం వెంటనే నా దగ్గరికి రండి. (నవ్వులు)

పెట్రోలు బండిలో బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్ కొన దగ్గర గాలిలోంచి నిప్పురవ్వ దూకాలంటే అక్కడికి ఇరవై ముప్ఫై వేల వోల్టులు చేరాలి. పన్నెండుని పాతిక వేలు చేసేదే ఇగ్నిషన్ కాయిల్. లోపల రెండు తీగల చుట్లు. ఒకదానిలో వందల చుట్లు, రెండోదానిలో వేల చుట్లు. మొదటిదానిలో పారుతున్న కరెంటుని హఠాత్తుగా ఆపేస్తే రెండోదానిలో ఆ పెద్ద వోల్టేజీ పుడుతుంది. పారుతున్నప్పుడు కాదు, ఆపినప్పుడు పుడుతుంది. తిరుగుతున్న ఫ్యాను స్విచ్ కట్టేస్తే చీకట్లో స్విచ్ సందులోంచి చిటుక్కున మెరుస్తుంది చూశారా? దాని వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

ఆ కరెంటుని ఆపే పని ఒకప్పుడు పాయింట్లు, అంటే కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు ముక్కలు, చేసేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు తయారుచేసిన బ్యాటరీ ఇగ్నిషన్‌ని కాడిలాక్ కార్లలో పెట్టింది 1910 ప్రాంతంలో. ఇంజిన్‌ని హ్యాండిల్ వేసి తిప్పక్కర్లేకుండా సెల్ఫ్ స్టార్టర్‌ని 1912 మోడల్‌తో తెచ్చిందీ ఆయనే. ఆ పద్ధతే చిన్న చిన్న మార్పులతో మన అంబాసిడర్ల దాకా, ఫియట్ల దాకా వచ్చింది. మా నాన్నకి ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. అంబాసిడర్ వచ్చి ఆగిందంటే ఆయన డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో ప్లగ్‌కి వంతులవారీగా కరెంటు పంచే డబ్బా, దాని మూత తీసి, పాయింట్ల మధ్య ఎమరీ కాగితం ముక్క పెట్టి రెండుసార్లు లాగేవాడు. ప్లగ్ గ్యాప్ చూడ్డానికి గేజ్ ఉన్నా వాడేవాడు కాదు, విరిగిన హాక్సా బ్లేడు ముక్క జేబులో ఉండేది. అది దూరితే సరిపోయినట్టే. చివర్లో ఒక చెవి బానెట్ మీద ఆనించి డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పేవాడు. తీసుకునేది చేతిపని డబ్బులు. సామాను ఖర్చు ఎమరీ కాగితం ముక్క.

ఇప్పుడు పాయింట్లు లేవు, డిస్ట్రిబ్యూటర్ లేదు. చాలా బళ్లలో ప్రతి ప్లగ్ నెత్తిన ఒక కాయిల్ కూర్చుంటుంది, దాన్ని కంప్యూటర్ నడుపుతుంది. కాయిల్ సీలు వేసిన వస్తువు. పోతే పోయినట్టే, ఎమరీ కాగితం లాగడానికి చోటే లేదు. బాగుచేయడం అనే పని పోయి మార్చడం అనే పని మిగిలింది. మార్చడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, పది నంబరు బోల్టు ఒకటి విప్పితే వచ్చేస్తుంది. నేర్పంతా నాలుగింటిలో ఏది పోయిందో, అసలు పోయింది కాయిలేనా అని తేల్చడంలో ఉంది.

మనమేమో ఆ తేల్చే పనికి డబ్బు కట్టడానికి ఒప్పుకోం. సామానుకి పది వేలు కడతాం, బిగించినందుకు వెయ్యి కడతాం. గంటసేపు కూర్చుని సమస్య కనిపెట్టినవాడు ఐదొందలు అడిగితే "ఏం మార్చావని ఐదొందలు?" అంటాం. అంటామా, అనమా? (సభలో ఒకరు: "అంటాం మాస్టారూ.") అందుకని వర్క్‌షాప్ వాళ్లు ఏం చేస్తారు? వెతికే కూలి ఇవ్వరు కాబట్టి వెతకడం మానేస్తారు. నాలుగూ మార్చేస్తారు. పని త్వరగా అయిపోతుంది, సామాను మీద మార్జిన్ వస్తుంది, బండి తిరిగి రాదు. మూడో అంతస్తు తమ్ముడి కాగితంలో మోసం లేదని నేనన్నది ఇందుకే. అది వాళ్ల కోణంలో తెలివైన లెక్క. మీ కోణంలో కాదు, అంతే.

ఆ ఎస్టిమేట్‌లో స్కానింగ్‌కి 800 ఉంది కదా. స్కానర్‌లో వచ్చిన కోడ్, అంటే బండి కంప్యూటర్ చూపే తప్పు నంబరు, ఏమిటని ఫోన్ చేసి అడగమన్నాను. పీ 0301 అన్నారు. గత పదేళ్లలో కొన్న ఏ పెట్రోలు కారుకైనా ఆ కోడ్ అర్థం ఒకటే, ఒకటో నంబరు సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగ్గా అంటుకోవట్లేదని. 0302 అయితే రెండోది, అలా. 0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలకుండా అక్కడక్కడా కొడుతోందని. ఇక్కడే జనం పొరపాటు పడతారు. కోడ్ సిలిండర్‌ని చూపిస్తుంది, సామానుని చూపించదు. ఏ ఇంట్లో దొంగతనం జరిగిందో చెప్తుంది, దొంగ పేరు చెప్పదు. ఒకటో సిలిండర్‌లో కాయిల్ పోయుండొచ్చు, ప్లగ్ పోయుండొచ్చు, ఇంజెక్టర్ పెట్రోలు వదలకపోవచ్చు, కాయిల్‌కి వచ్చే వైరుని ఎలుక కొరికుండొచ్చు, వాల్వు కాలిపోయి కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, లేకపోవచ్చు. ఒక్క సిలిండర్‌కి ఇన్ని దారులున్నప్పుడు నాలుగు కాయిళ్లు మార్చడం ఎందుకు?

ఆదివారం ఉదయం, ఇదే టైముకి, కింద సెల్లార్‌లో బానెట్ ఎత్తాం. ఇంజిన్ చల్లగా ఉంది, అది ముఖ్యం. వేడి మీద ప్లగ్గులు విప్పకండి, అల్యూమినియం హెడ్‌లో మరలు పాడైతే అప్పుడు నిజంగా వేలు ఖర్చవుతాయి. బ్యాటరీ నెగటివ్ తీశాం. ఒకటో కాయిల్ కనెక్టర్ నొక్కి లాగి, బోల్టు విప్పి, కాయిల్‌ని కొంచెం మెలితిప్పుతూ పైకి తీశాం. కాయిల్ కాడ కింద రబ్బరు తొడుగు ఉంటుంది, పొడుగ్గా ఏనుగు తొండంలా. ఆ రబ్బరు నల్లగా తడిగా మెరుస్తోంది. వేలితో రాస్తే ఇంజిన్ ఆయిలు. ప్లగ్ గుంతలోకి టార్చ్ వేస్తే అడుగున అరంగుళం ఆయిలు నిలిచి ఉంది.

తమ్ముడు "అంతే మాస్టారూ, ఇంజిన్ బోర్‌కి వచ్చేసింది" అని అక్కడే చతికిలపడ్డాడు. లేవమన్నాను. ఆ ఆయిలు సిలిండర్ లోపలి నుంచి వచ్చింది కాదు. పైనున్న ట్యాపెట్ కవర్‌కి, ప్లగ్ గుంతకి మధ్య రబ్బరు సీళ్లుంటాయి. అవి వేడికి గట్టిపడి పగిలితే ఆయిలు గుంతలోకి దిగుతుంది. ఆయిలు తగిలి కాయిల్ రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కరెంటు ప్లగ్ కొన దాకా పోకుండా పక్కనే ఇంజిన్ బాడీకి దూకేస్తుంది. బానెట్ కింద చీకట్లో టక్ టక్ మని నీలం మెరుపులు కనిపిస్తాయి చూడండి, అదే ఇది.

సరే, అనుమానం కాయిల్ మీద. అనుమానానికి డబ్బు పెట్టకూడదు కాబట్టి చిన్న పరీక్ష చేశాం. గుంత శుభ్రం చేసి, ఒకటో కాయిల్‌ని తీసుకెళ్లి మూడో సిలిండర్ మీద, మూడోదాన్ని ఒకటో సిలిండర్ మీద పెట్టాం. ప్లగ్గులు ఎక్కడివక్కడే. కోడ్ చెరిపేసి, బండి స్టార్ట్ చేసి బందర్ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చాం. మళ్లీ లైటు వెలిగింది. కోడ్ చూస్తే పీ 0303. అంటే జబ్బు కాయిల్‌తో పాటు నడిచి మూడో సిలిండర్‌కి పోయింది. కాయిల్ పోయిందని ఇక ఎవరినీ అడగక్కర్లేదు. కాయిల్ చోటు మార్చినా కోడ్ 0301 గానే ఉండిపోతే ప్లగ్‌ని అలాగే తిప్పి చూసేవాళ్లం. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, వైరు, కంప్రెషన్ వైపు వెళ్లేవాళ్లం. ఈ పరీక్ష ఖర్చు ఒక చుట్టు తిరిగిన పెట్రోలు.

ప్లగ్గులు కూడా విప్పి చూశాం. ప్లగ్ కొనని చదవడం రావాలండీ, అది ఇంజిన్ నాలుక లాంటిది. లేత గోధుమరంగో బూడిదరంగో ఉంటే ఆరోగ్యం. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందనో సరిగ్గా అంటుకోవట్లేదనో. తడి నలుపు, జిడ్డుగా ఉంటే ఆయిలు లోపలికి వస్తోంది, అప్పుడు తమ్ముడు చతికిలపడొచ్చు. తెల్లగా పేలి పొక్కులొస్తే వేడెక్కిపోతోందని. ఈయన ప్లగ్గులు రంగు బాగానే ఉంది కానీ కొన అరిగి గ్యాప్ పెరిగిపోయింది. బండి కొన్నప్పటి నుంచీ మార్చలేదట.

ప్లగ్ ఎంత పని చేస్తుందో లెక్క వేద్దాం. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే, రెండు చుట్లకి ఒకసారి చొప్పున ఒక్కో ప్లగ్ వెయ్యిసార్లు వెలగాలి. గంటకి నలభై కిలోమీటర్ల సగటున ఇరవై వేల కిలోమీటర్లంటే ఐదొందల గంటలు. మూడు కోట్లసార్లు నిప్పు రాల్చింది. అరగదా మరి? గ్యాప్ మామూలుగా 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది పెరిగేకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం కాయిల్ మోస్తుంది. ప్లగ్గులు మార్చక కాయిళ్లు చంపుకున్నవాళ్లని చాలామందిని చూశాను. మామూలు నికెల్ ప్లగ్ అయితే ఇరవై ముప్ఫై వేల కిలోమీటర్లకి, ఇరిడియం అయితే ఎనభై వేల నుంచి లక్షకి. మీ బండి పుస్తకంలో ఏముందో అదే పాటించండి. సీఎన్‌జీ బళ్ల వాళ్లు ఇంకాస్త ముందే చూసుకోవాలి. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, ప్లగ్గులు త్వరగా అరుగుతాయి.

ఇక మన కాగితం. కాయిల్ ఒకటి, 2,350. ప్లగ్గులు నాలుగూ మార్పించాను, 2,480. ట్యాపెట్ కవర్ గాస్కెట్, ప్లగ్ సీళ్లు కలిపి 950. ఆటోనగర్‌లో నాకు తెలిసిన కుర్రాడు, నా స్టూడెంటే, పని చేసి 1,200 తీసుకున్నాడు. మొత్తం 6,980. మీరు ఇంటికెళ్లి తీసివేత వేసుకుని "పన్నెండు వేలు మిగిలింది" అంటారు, అనుకోండి. కానీ నాకు ఆ 950 ముఖ్యం. 18,930 ఎస్టిమేట్‌లో సీళ్లు లేవు. నాలుగు కొత్త కాయిళ్లు వేసి అదే ఆయిలు గుంతలో దించేవాళ్లు. ఏడాది తిరక్కముందే మళ్లీ కాయిల్ పోయేది. ఎస్టిమేట్ ఎక్కువైందనే చూస్తాం, అందులో ఏది లేదో చూడం.

నాలుగు కాయిళ్లూ ఒకేసారి మార్చడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. కొన్ని పెద్ద బళ్లలో ఆరు సిలిండర్లు రెండు వరసల్లో ఉంటాయి, వెనక వరస కాయిళ్లు అందుకోవాలంటే పైనున్న గాలి గొట్టాలన్నీ విప్పాలి. అక్కడ లేబర్ ఎక్కువ, విప్పినప్పుడే పాతవన్నీ మార్చేస్తే నష్టం లేదు. పైన కనిపిస్తూ ఒక్క బోల్టుతో ఊడిపోయే కాయిల్‌కి ఆ న్యాయం వర్తించదు.

చవకకి పోవడం గురించి కూడా ఒక మాట. మా బావమరిది ఒకాయన కంపెనీ కాయిల్ రెండు వేలంటే పేరులేని డబ్బాలో ఏడొందలకి దొరికిందని వేయించుకున్నాడు. నాలుగు నెలలు తిరిగింది. శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో, పిల్లాపాపలతో, సాయంత్రం ఆరింటికి పోయింది. బండిని లారీ మీద మార్కాపురం చేర్చడానికి అయిన ఖర్చు నేను చెప్పను, ఆయన ఇక్కడే కూర్చున్నాడు. (నవ్వులు) షోరూమ్ డబ్బాలోదే కొనమని అనను. కంపెనీలకి కాయిళ్లు, ప్లగ్గులు సప్లై చేసేవాళ్లే తమ సొంత డబ్బాలో కూడా అమ్ముతారు, అది కొంచెం తక్కువకి వస్తుంది, మంచిదే. తయారుచేసినవాడి పేరూ అడ్రసూ లేని డబ్బా మాత్రం వద్దు.

డబ్బా అన్నాను కాబట్టి ధరల సంగతి. ప్యాక్ చేసిన స్పేర్ పార్టు మీద ఎమ్మార్పీ ముద్రించి ఉండాలి. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే అది తప్పు. కాయిల్ ఎమ్మార్పీ 2,350 అయితే బిల్లులో 2,350 ప్లస్ 18 శాతం అని ఉండకూడదు. లేబర్ మీద వేస్తారు, అది వాళ్ల హక్కు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో స్పేర్ పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలా పార్టుల మీద 28 ఉండేది. డబ్బా అడగండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత పార్టు కూడా ఇవ్వమని పని మొదలుపెట్టకముందే చెప్పండి. పని అయ్యాక అడిగితే "చెత్తలో పడేశాం సార్" అనేది జవాబు.

ఇంకొకటి. ఎలక్ట్రికల్ సామాను అమ్మే కొట్లలో కౌంటర్ మీద ఒక అట్టముక్క వేలాడుతుంది, "ఎలక్ట్రికల్ ఐటమ్స్‌కి రిటర్న్ లేదు" అని. ఇది మీరు బాగా గుర్తుంచుకోవాలి. మెకానిక్ "కాయిల్ అయ్యుంటుంది, వేసి చూద్దాం" అంటాడు. వేశాక అది కాదని తేలుతుంది. కొట్టువాడు వెనక్కి తీసుకోడు. ఊహించింది మెకానిక్, కొనుక్కున్నది మీరు. అందుకే నేను "వేసి చూద్దాం" అనే మాట వినగానే "నీ దగ్గరున్న పాత మంచిది ఒకటి వేసి చూడు బాబూ, అదే అయితే కొత్తది కొంటా" అంటాను. ఏ షెడ్డులోనైనా పరీక్షకి పనికొచ్చే కాయిల్ ఒకటి ఉంటుంది.

లేబర్ ఎంత న్యాయం అని అడుగుతారు. దానికి అంకె చెప్పలేం, టైము అడగాలి. నాలుగు సిలిండర్ల మామూలు బండిలో ప్లగ్గులు మార్చడం అరగంట, ముప్పావుగంట పని. కొన్ని మోడళ్లలో వైపర్ కింద ప్లాస్టిక్ అంతా విప్పితే తప్ప చెయ్యి దూరదు, అది రెండు గంటలవుతుంది. "ఎంతసేపు పడుతుంది, గంటకి మీ రేటెంత?" అని అడిగితే వాళ్లకీ మీరు లెక్క తెలిసినవారని అర్థమవుతుంది. ఆ 2,500 లేబర్‌ని నేను అంతగా తప్పుపట్టను, ఏసీ హాలు, అద్దె, జీతాలు ఉంటాయి. ఇంజెక్టర్ క్లీనింగ్, ఫ్లష్ మాత్రం ఆ కోడ్‌కీ ఆ లక్షణాలకీ ముందు అక్కర్లేదు. అవి భోజనం హోటల్లో అడక్కుండా పెట్టే అప్పడం లాంటివి, బిల్లులో ఉంటుంది.

నేనేదో ఎప్పుడూ తప్పు చేయనివాణ్ణని అనుకోకండి. నాకు పాత మారుతి 800 ఉండేది, మూడు సిలిండర్లది, కార్బురేటర్ది. ఒక వానాకాలం ఏలూరు రోడ్డులో మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు సెల్ఫ్ తీసుకునేది, ఒకరోజు కాదు. తీసుకున్నా మిస్సింగ్. నేను ఆటోమొబైల్ లెక్చరర్‌ని కదా, పరీక్షలు విద్యార్థులకి. ప్లగ్గులు మూడూ మార్చాను. మారలేదు. హెచ్‌టీ వైర్లు మార్చాను. డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్ మార్చాను. కాయిల్ మార్చాను. చివరికి మా నాన్న వచ్చి, అప్పటికి షెడ్డు మానేశాడు, ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీని పట్టుకుని కదిపాడు. బోల్టు కింద తుప్పు. విప్పి, గీకి, బిగించాడు. నా వైపు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. మార్చిన సామానంతా ఇంట్లో చాలా ఏళ్లు ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేది.

అందుకని ఇగ్నిషన్ మాట ఎత్తేముందు రెండు నిమిషాలు బ్యాటరీ దగ్గర గడపండి. కీ తిప్పితే టక్ మని ఆగిపోతోంది, లైట్లు మసకబారుతున్నాయి అంటే ముందు టర్మినళ్ల మీద తెల్ల పొడి చూడండి. మంచి బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు పద్నాలుగు అటూఇటూ. సెల్ఫ్ బాగా తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదంటే అప్పుడు స్పార్కూ పెట్రోలూ చూడాలి. ఎండాకాలం ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. బెజవాడ ఎండలో గంటసేపు తిరిగాక బండి దానంతటదే ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. చాలాసార్లు అది క్రాంక్ సెన్సర్. ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బళ్లలో ముల్లు అసలు కదలకపోతే అనుమానం దాని మీదే. ఇంజిన్ తిరుగుతోందనే సంగతే కంప్యూటర్‌కి చేరకపోతే అది కాయిళ్లకి నిప్పు వెయ్యమని చెప్పదు. అక్కడ ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

పన్నెండు పదమూడేళ్ల బండి ఉన్నవాళ్లకి ఒకటి. మిస్సింగ్ అని కాయిళ్లూ ప్లగ్గులూ కొనేముందు ఒక్కసారి కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ బిగించి సెల్ఫ్ కొడతారు. అంకె ఎంత అన్నది కన్నా నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది చూడాలి. మూడు 160 చూపించి ఒకటి 90 చూపిస్తే ఆ సిలిండర్‌కి ఎంత మంచి కాయిల్ వేసినా వృథా. ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. అప్పుడు మీరు వేసుకోవాల్సిన లెక్క వేరు, బండి అమ్మితే ఎంతొస్తుంది, హెడ్ పనికి ఎంతవుతుంది అని. వట్టి ఇగ్నిషన్ సమస్యకి బండి అమ్ముకున్నవాళ్లని చూస్తే మాత్రం నాకు బాధేస్తుంది. కొన్నవాడు వారంలో కాయిల్ మార్చి తిరుగుతుంటాడు.

ఇక అడగండి.

(ఒకావిడ: "చెక్ లైట్ వెలిగితే బండి వెంటనే ఆపేయాలా అండీ?")

మంచి ప్రశ్న అమ్మా. నిలకడగా వెలుగుతుంటే, బండి మామూలుగా నడుస్తుంటే, ఇంటికి చేరి రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే, బండి కుదుపుతుంటే మాత్రం లాగకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. రెండు వేల కాయిల్‌తో పోయేది పదుల వేలకి వెళ్తుంది. పక్కకి ఆపి ఫోన్ చేయండి.

(ఒక యువకుడు: "ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి స్కానర్ దొరుకుతోంది, కొనమంటారా?")

కొను. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. కోడ్ రాసుకుని వర్క్‌షాప్‌కి వెళ్తే మాట్లాడే తీరు మారుతుంది. కానీ రాసుకోకుండా చెరపకు. చెరిపేస్తే మెకానిక్‌కి ఆధారం పోతుంది.

(వెనక వరస నుంచి: "ఇరిడియం ప్లగ్గులు వేస్తే మైలేజీ పెరుగుతుందా మాస్టారూ?")

అరిగిన ప్లగ్గులు తీసి ఏ కొత్తవి వేసినా పెరిగినట్టే ఉంటుంది. నికెల్‌కి బదులు ఇరిడియం వేస్తే వచ్చేది ఎక్కువ కిలోమీటర్ల మన్నిక. కంపెనీ ఇరిడియం వెయ్యమన్న బండికి నికెల్ వెయ్యొద్దు. నికెల్ వెయ్యమన్న బండికి ఇరిడియం మీ ఇష్టం.

(ఒక పెద్దాయన: "ఎక్కువ బిల్లు వేస్తే ఎవరికి చెప్పుకోవాలి?")

ముందు ఆ మేనేజర్‌కే, కాగితం మీద రాసి. సగం అక్కడే తెగిపోతాయి. కాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. అయితే బాబాయ్ గారూ, చేతిలో బిల్లుండాలి. బిల్లు లేకుండా పన్ను మిగిల్చుకున్నవాళ్లు తర్వాత నా దగ్గరికి రాకండి.

(మరొకరు: "మా బండి పొద్దున్న చల్లమీద ఒక నిమిషం మిస్సింగ్ కొట్టి తర్వాత సర్దుకుంటోంది. కిందే ఉంది.")

కిందే ఉందా? పొద్దుటి నుంచి స్టార్ట్ చేయలేదు కదా? అయితే అస్సలు కీ తిప్పకండి, చల్లగానే ఉండనివ్వండి. ఎవరి దగ్గరైనా టార్చ్ ఉంటే తీసుకురండి, పది నంబరు స్పానర్ నా సంచిలో ఉంది.